కోతకు రాని చీర

గద్వాలలో ఆ సందులో ఏ ఇంటి ముందు నుంచి నడిచినా మగ్గం చప్పుడు వినబడుతుంది. బాలకిష్టయ్య ఇంటి ముందు మాత్రం రెండున్నర నెలలుగా వినబడటం లేదు. మగ్గం ఖాళీగా ఉందా అంటే లేదు. దాని మీద గంధం రంగు చీర ఒకటి ఉంది, కుంకుమ రంగు పట్టంచుతో. ఇంకొక్క జానెడు నేస్తే కోసి మడత పెట్టొచ్చు. ఆ జానెడు నేయకుండా, చీర కోయకుండా, పైన తెల్లగుడ్డ కప్పి, గుడ్డ కొసకు పసుపుకొమ్ము కట్టి ఉంచారు.

ఆ జానెడు ఎవరి కోసం ఆగిందో సందులో అందరికీ తెలుసు. అందరికంటే బాగా నవనీతకు తెలుసు.

నవనీత బాలకిష్టయ్యకు ఒక్కతే కూతురు. పదో తరగతి చదువుతోంది. బడి హాకీ జట్టులో ముందు వరుసలో ఆడుతుంది. రెండువేల నాలుగు నవంబరులో నాగర్‌కర్నూలులో జరిగిన పోటీల్లో ఒకే ఆటలో మూడు గోల్స్ కొట్టింది. మరునాడు పేపరు జిల్లా పేజీలో అగ్గిపెట్టెంత బొమ్మ వచ్చింది. బొమ్మలో మొహం సగం మసి. అయినా బాలకిష్టయ్య ఆ కాగితాన్ని పక్కింటి మల్లేశ్ చేత రెండుసార్లు చదివించుకుని, మడిచి జేబులో పెట్టుకుని, ఆ మంగళవారం జమ్ములమ్మ గుడికి పోయాడు. ఆయన మామూలుగా నోరు విప్పే మనిషి కాదు. మొక్కుకునేటప్పుడు కూడా పెదవులు కదలవు. ఆ రోజు మాత్రం గుడి ముందు నలుగురు నిలబడి ఉండగా పైకే అన్నాడు, బిడ్డ రాష్ట్రం జట్టులోకి ఎక్కిన రోజు తన మగ్గం మీద కోసిన చీర అమ్మవారికి కడతానని.

వాళ్ల ఇంట్లో ఒక పద్ధతి ఉంది. సందులో మిగతా ఇళ్లలో లేదు, బాలకిష్టయ్య తాత పెట్టింది. మొక్కు చీర మగ్గమెక్కితే మొక్కు తీరిన రోజే కోయాలి. కోసేదాకా ఆ మగ్గం మీదికి ఇంకో చీర పడుగు ఎక్కకూడదు. జ్వరాలకు, కాన్పులకు మొక్కుకున్న రోజుల్లో అది పెద్ద కష్టం కాలేదు. జ్వరం పది రోజుల్లో దిగేది. కాన్పు నెల తిరగకుండా అయ్యేది. ఆటకు మొక్కిన వాళ్లు ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ లేరు. జట్టు ఎంపిక డిసెంబరులోనే ఉంటుందన్నారు. ఆ నమ్మకంతో బాలకిష్టయ్య కూతుర్ని పక్కన కూచోబెట్టుకుని, పన్నెండు రోజుల్లో చీరను చివరి జానెడు దాకా తెచ్చి ఆపాడు. ఎంపిక జనవరికి పోయింది. జనవరి నుంచి ఫిబ్రవరికి పోయింది.

ఉన్నది ఒక్కటే మగ్గం. అందుకని ఆయన మల్లేశ్ ఇంటికి పోయి అక్కడి మగ్గం మీద కూచుంటున్నాడు. మల్లేశ్ ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే, పదిహేనేళ్లు చిన్నవాడు. ఇప్పటికీ అన్నా అనే పిలుస్తాడు. చాయ్ తనే చేత్తో తెచ్చి ఇస్తాడు. ఆ మర్యాదే బాలకిష్టయ్యకు బరువుగా ఉండేది. పొద్దున్నే అక్కడికి పోయే ముందు ఆయన తెల్లగుడ్డ ఒక కొస ఎత్తి, పడుగు దారాల మీద చూపుడువేలు ఆనించి చూసేవాడు. ఎక్కువ రోజులు బిగించి ఉంచితే పడుగు సాగిపోతుంది. వదిలేస్తే అంచు ముడత పడుతుంది. కొంచెం సడలించి, కొంచెం బిగించి, మళ్లీ గుడ్డ కప్పి చెప్పులేసుకునేవాడు. కూతురి వైపు చూసేవాడు కాదు. ఆమె మాత్రం పుస్తకం అడ్డం పెట్టుకుని ఆ వేలినే చూసేది.

సందులో వాళ్లకు అట్లాంటి మొహమాటం లేదు. కోత ఎప్పుడు అని అడిగేవాళ్లు. నీళ్ల పంపు దగ్గర అడిగేవాళ్లు, కిరాణా కొట్టు దగ్గర అడిగేవాళ్లు. ఎవరికీ చెడ్డ మనసు లేదు. ఎండ ఎట్లా ఉందని అడిగినట్టే అడిగేవాళ్లు. ఎదురింటి జంగమ్మ రోజంతా అరుగు మీద నూలు కండెలు చుడుతూ కూచునేది. ఆమె నోటికి అడ్డు లేదు.

"ఏందే నవనీతా, కోత ఎప్పుడే? అమ్మవారు పాత చీర మీద ఎన్నొద్దులు కూసోవాలె? మొన్న కలలకొచ్చి నన్నే అడగవట్టె, ఆ పొల్ల ఆట కట్టెకు జర నూనె రాయమని."

నవనీత నవ్వింది. మరునాటి నుంచి కోట గోడ వెంబడి చుట్టు తిరిగి బడికి పోవడం మొదలుపెట్టింది.

గద్వాల చీర ఒక్కరితో అయ్యేది కాదు. ఒళ్లు నూలు, అంచు పట్టు. మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టి మధ్యలో కూచున్న మనిషి అడ్డదారం పోసే నాడె విసిరితే, ఎడమ అంచు పక్కన కూచున్న మనిషి దాన్ని అందుకుని, నూలు దారాన్ని పట్టు దారంతో మెలివేసి వెంటనే తిరిగి పంపాలి. ఆ మెలికతోనే అంచూ ఒళ్లూ ఒకటవుతాయి. నాడె అంచు పక్క ఒక్క క్షణం ఆగినా దారం వదులై ఈగ వాలినంత బొడిపె పడుతుంది. కొన్నవాళ్లకు కనబడదు. నేసినవాళ్లకు కళ్లు మూసుకున్నా కనబడుతుంది.

నవనీత తన తొమ్మిదో ఏట ఆ ఎడమ పక్కన కూచుంది. వచ్చిన నాడెను ఆపకు, వచ్చింది వచ్చినట్టే ఇయ్యి. తండ్రి ఆమెకు చెప్పిన పాఠం అదొక్కటే. ఆపినప్పుడల్లా చేతిలోని వెదురుపుల్లతో చిటికెనవేలు మీద తట్టేవాడు. గట్టిగా కాదు. కానీ తట్టేవాడు. ఏడాది తిరిగేసరికి తట్టే పని లేకపోయింది. బడి కబుర్లు చెబుతూ, ఇంకెటో చూస్తూ కూడా ఆమె చెయ్యి నాడెను అందుకుని ఇచ్చేది.

ఎనిమిదో తరగతిలో రాజ్‌కుమార్ సారు ఆ చెయ్యి చూశాడు. ఆయన బడికి కొత్తగా వచ్చిన ఆటల సారు. ఒకప్పుడు రాష్ట్రం జట్టు గడప దాకా పోయి, మోకాలు చెడి, వెనక్కి వచ్చిన మనిషి. పిల్లలకు తలా ఒక కర్ర ఇచ్చి బంతి దొర్లిస్తే అందరూ కర్రను గొడ్డలిలా ఎత్తారు. నవనీత ఎత్తలేదు. మణికట్టు తిప్పి, చప్పుడు కాకుండా, వచ్చిన బంతిని వెనక్కి పంపింది. ఎంత వేగంగా వస్తే అంత వేగంగా. సారు ఇరవైసార్లు వేశాడు. ఇరవైసార్లూ బంతి ఆయన బూటు దగ్గరికే వచ్చి ఆగింది. ఇది ఆట నేర్చిన చెయ్యి కాదు, ఆటతో పుట్టిన చెయ్యి అని ఆ సాయంత్రం మాస్టర్ల గదిలో అన్నాడట. ఆ మాట బడి దాటి సందుకు వచ్చింది. నోటి నుంచి నోటికి మారే కొద్దీ పెద్దదయింది. ఇంకో ఏడాదికి, ఆ పిల్ల దేశానికి ఆడుతుందట అన్నదాకా పోయింది.

నాగర్‌కర్నూలు మూడు గోల్స్ సంగతి సరిగ్గా తెలిసింది నవనీత ఒక్కదానికే. హాకీలో గోలు ముందు సున్నంతో అర్ధచంద్రంలా గీత గీస్తారు. దాన్ని డీ అంటారు. దాని లోపలి నుంచి కొడితేనే గోలు. ఆ రోజు మూడుసార్లూ ముందు కొట్టింది తేజస్విని. ఆమె నవనీత పక్కనే ఆడే పిల్ల, అయిజ వైపు పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండేది. వాళ్ల నాయన ఆముదాలు, వేరుశనగ వేస్తాడు. తేజస్విని కొట్టిన బంతి మూడుసార్లూ గోలు కాసే గోలీ కాళ్లకు కట్టుకున్న మెత్తలకు తగిలి తిరిగి వచ్చింది. వచ్చి నవనీత ముందు పడింది. నవనీత చెయ్యి దాన్ని వచ్చిన చోటికే పంపింది. ఆ చోట గోలు ఉంది.

తను గోలు కొట్టలేదు. వచ్చినదాన్ని తిరిగి ఇచ్చింది.

ఈ తేడా ఇంట్లో చెప్పబోయింది. తల్లి రామేశ్వరమ్మ వినిపించుకోలేదు. పేపర్లో పడ్డ పిల్లకు ఆ మాత్రం అణకువ ఉండాలని మురిసింది. సారుకు చెప్పబోయింది. ఆయన నవ్వాడు.

"ఎట్ల పోయినయని ఎవరన్న రాసుకుంటరా? మూడు పోయినయి. గంతే."

ఆ తర్వాత సారు ఆమెను ముందు వరుసలో నడిమి ఫార్వర్డ్‌గా పెట్టాడు. ఇప్పుడు జట్టంతా బంతిని ఆమెకే ఇవ్వాలి. ఆమె దాన్ని తన దగ్గర ఉంచుకుని, ఎదురొచ్చిన వాళ్లను తప్పించుకుని, డీలోకి తీసుకుపోయి కొట్టాలి. ఆ ఉంచుకోవడం ఆమె చేతికి రాలేదు. కొల్లాపూర్‌లో మామిడితోటల పక్క మైదానంలో రెండు ఆటలు ఆడారు. ఆమె పేరు మీద ఒక్క గోలు లేదు. అచ్చంపేటలో మూడు ఆడారు. అక్కడా లేదు. బంతి కర్రకు తగలగానే మణికట్టు తనంతట తాను తిరిగేది. బంతి ఇచ్చినవాళ్ల దగ్గరికే పోయేది. అచ్చంపేట ఆఖరి ఆటలో గోలీ కిందపడి ఉంది, ముందున్న గోలు ఖాళీ, అడ్డం ఎవరూ లేరు. బంతి వచ్చింది. నవనీత దాన్ని పదడుగుల వెనకున్న తేజస్వినికి ఇచ్చేసింది. తేజస్విని కలవరపడి బయటికి కొట్టింది.

"నాకెందుకిచ్చినవే?" అన్నది తేజస్విని, ఆట అయ్యాక బూట్లలో మట్టి దులుపుకుంటూ. "గోలు బార్లా తెరిసి ఉండె. మేకల మంద తోలొచ్చు అండ్ల. నేనేమన్న నీ మేనత్తనా, యాది పెట్టుకొని పంపనీకె?"

నవనీతకూ అది తెలుసు. ఆపుదామనే అనుకుంటుంది. ఆపాలని తల చెబుతూనే ఉంటుంది. ఆ మాట చేతికి చేరేసరికి బంతి వెళ్లిపోయి ఉంటుంది.

సారు మొదట్లో బుజ్జగించాడు. తర్వాత అరిచాడు. జనవరి వచ్చేసరికి అరవడం మానేశాడు. ఆమెను అదే ఎక్కువ భయపెట్టింది. సాయంత్రాలు అందరూ పోయాక ఒక్కదాన్నే ఆపి, డీలో నిలబెట్టి బంతి వేసేవాడు. పట్టుకో, మూడు లెక్కబెట్టు, తర్వాత కొట్టు అనేవాడు. ఎవరూ లేనప్పుడు కొట్టేది. బలం లేని దెబ్బ. బంతి గోలు దాకా ఈడ్చుకుంటూ పోయేది. చుట్టూ మనుషులుంటే ఒకటి అని కూడా లెక్కబెట్టలేకపోయేది. పైగా ఆ నెలలోనే ఇంకొకటి మొదలైంది. సున్నపు గీత దాటి డీలో అడుగు పెట్టగానే కోత ఎప్పుడు అన్న మాట చెవిలో తిరిగేది. జంగమ్మ గొంతు కాదు, ఎవరి గొంతూ కాదు. చెవిలో దూరిన చీమలాగా ఉండేది.

ఒకరోజు ధైర్యం చేసి సారును అడిగింది, తను వెనక వరుసలో ఆడతానని. అక్కడ వచ్చిన బంతిని ముందున్నవాళ్లకు అందించడమే పని. సారు ఒప్పుకోలేదు. ఎంపికకు ఆమె పేరు ఫార్వర్డ్ అని రాసి పంపానన్నాడు. హెడ్‌మాస్టరు ప్రార్థన గంటలో అందరి ముందూ ఆమె పేరు చెప్పాడు కదా అన్నాడు. ఇంకా మూడు వారాలే ఉందన్నాడు. తర్వాత మోకాలు రుద్దుకుంటూ గొంతు తగ్గించాడు.

"నేను గడప దాక పోయి తిరిగొచ్చిన. నువ్వు దాటాలె. మల్ల గిట్ల మాట్లాడకు."

ఇంట్లో రామేశ్వరమ్మ రోజూ తెల్లగుడ్డ మీద దుమ్ము దులిపేది. నవనీత చదువుకునే చోటికి మగ్గం ఎదురుగానే ఉండేది. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు, గుడ్డ ఎత్తి అంచు వెంబడి వేలు పోనిచ్చి చూసింది. ఎక్కడా వేలికి అడ్డం తగల్లేదు. కనబడినంత మేరా ఒక్క బొడిపె లేదు. తన చేతి పని ఇంత శుభ్రంగా ఇంకెక్కడా లేదనిపించింది. ఏడుపు వచ్చింది. నీళ్లు చీర మీద పడతాయని పక్కకు జరిగి ఏడ్చింది.

ఫిబ్రవరి మూడో వారంలో వనపర్తిలో ఎంపిక పెట్టారు. చుట్టుపక్కల బడుల నుంచి నలభై మంది ఆడపిల్లలు వస్తారు. వాళ్లను కలిపి జట్లు కట్టి ఆడిస్తారు. హైదరాబాదు నుంచి వచ్చిన ముగ్గురు కుర్చీల్లో కూచుని రాసుకుంటారు. ఈ వైపు నుంచి ఒక్క ఫార్వర్డ్‌నే తీసుకుంటారని సారు ముందే చెప్పాడు.

తనూ వస్తానన్నాడు బాలకిష్టయ్య. అంతవరకు ఆయన ఏ ఆటా చూడలేదు. ఉతికిన పంచె, అంగీ వేసుకుని పొద్దటి బస్సులో సారు, పిల్లలతో పాటు ఎక్కాడు. నవనీత ఆయన పక్కన కూచుంది. ఎర్రవల్లి చౌరస్తా దగ్గర బస్సు కుదుపుకు ఆయన జేబులోంచి ఏదో ఆమె మోచేతికి గుచ్చుకుంది. ఏంటని అడిగితే తీసి చూపించాడు. చీరలు కోసే చిన్న కత్తెర. దాని రెండు రెక్కలకూ పసుపు పూసి ఉంది. పొద్దున్నే గుడి దగ్గర పెట్టించుకుని వచ్చాడు. పేరు చదవగానే ఆమె చేత తాకించి, ఇంటికి పోయి దానితోనే కోయాలని. దాని పక్కనే మడతలు చినుగుతున్న పేపరు ముక్క కూడా ఉంది.

నవనీత కిటికీ వైపు తిరిగింది. దిగేదాకా మళ్లీ ఆ జేబు వైపు చూడలేదు.

మొదటి సగం ఎట్లా గడిచిందో ఆమెకు గుర్తు లేదు. బంతి వచ్చింది, ఇచ్చింది. వచ్చింది, ఇచ్చింది. కుర్చీల్లో ఒకాయన ఏదో రాసుకున్నాడు. మధ్యలో ఆట ఆపినప్పుడు సారు నీళ్ల సీసా అందించి, మూడు లెక్కబెట్టు అని మాత్రం అన్నాడు. మైదానం చివర వేపచెట్టు మొదట్లో తండ్రి కూచుని ఉన్నాడు, మగ్గం ముందు కూచున్నట్టే, వీపు నిటారుగా పెట్టి. ఆయన బంతిని చూడటం లేదని ఆమెకు అంత దూరం నుంచి కూడా అర్థమైంది. తననే చూస్తున్నాడు.

రెండో సగంలో తేజస్విని కుడి పక్క నుంచి బంతి తోసుకుంటూ వచ్చింది. గోలీ ముందుకు దూకి బోర్లా పడింది. తేజస్విని బంతిని నవనీతకు వదిలింది. ముందర గోలు ఖాళీ. వల మీద ఎండ పడుతోంది. వల కన్నాలు కూడా లెక్కపెట్టొచ్చు. ఒకటి అనుకుంది. రెండు అనుకోకముందే మణికట్టు తిరిగింది. బంతి పోయి మళ్లీ తేజస్విని కాళ్ల ముందు పడింది. ఈసారి తేజస్విని కలవరపడలేదు. వస్తుందని తెలిసినట్టే కాచుకుని ఉంది. కొట్టింది. గోలు.

ఇంకో పది నిమిషాలుందనగా మరొక బంతి వచ్చింది. ఈసారి నవనీత ఆపింది. వేళ్లు తెల్లబడేటట్టు కర్రను పట్టుకుని, పళ్లు బిగబట్టి ఆపింది. ఒకటి. రెండు. మూడు. మూడు అనేసరికి ఎదుటి జట్టు పిల్లలు ఇద్దరు మీదికి వచ్చేశారు. కర్ర ఎత్తి కొట్టింది. దెబ్బ నేలకు తగిలి ఎర్రమట్టి లేచింది. బంతి నాలుగడుగులు దొర్లి ఆగిపోయింది. ఎవరో పిల్ల వచ్చి, కిందపడ్డ రుమాలు ఏరుకున్నట్టు, దాన్ని తీసుకుపోయింది. గట్టు మీద ఎవరో నవ్వారు.

ఎండ తగ్గాక పేర్లు చదివారు. ఫార్వర్డ్ అని ఒక్క పేరే చదివారు. తేజస్విని ఎగరలేదు, అరవలేదు. వచ్చి నవనీత చెయ్యి పట్టుకుని నిలబడింది.

"అన్నీ నువ్విచ్చినవేనే," అన్నది చెవి దగ్గర.

ఓదార్పుగా అన్న మాటే. అయినా ఆ రోజు విన్న మాటలన్నిట్లో నవనీతకు అదే ఎక్కువ గుచ్చుకుంది. సారు దగ్గరికి వచ్చాడు. ఆమె తల మీద చెయ్యి పెట్టబోయాడు. ఆ చెయ్యి సగంలోనే ఆగి, వాచీ సర్దుకుని, కిందికి దిగింది. తేజస్విని కాగితాల మీద సంతకాలు చేయాలని టేబుల్ వైపు పోయాడు.

తిరుగు బస్సులో సారు, తేజస్విని ముందు సీట్లో కూచున్నారు. రాష్ట్రం జట్టు శిబిరానికి ఏమేం తీసుకుపోవాలో ఆయన చెబుతున్నాడు. తండ్రీ కూతుళ్లు వెనక సీట్లో కూచున్నారు. బాలకిష్టయ్య పెబ్బేరు దాటిన తర్వాత ముందు సీటు కమ్మీ వైపు చూస్తూ అడిగాడు.

"నాగర్‌కర్నూల్ల గూడ గిట్లనేనా, గా మూడు?"

"ఊఁ. గోలీకి తగిలి తిరిగొచ్చినయి. తిరిగిచ్చిన."

"మరి జెప్పకపోతివి?"

"జెప్పిన నాయినా. ఎవ్వరు ఇనలే."

ఆయన ఆ మాటను కాదనలేదు. కాసేపు తన రెండు చేతులూ ఒళ్లో బోర్లించుకుని చూసుకున్నాడు.

"ఆట నాకు తెల్వదు బిడ్డా. ఎవరు గెలిచిన్రో గూడ తెల్వదు. నీ చెయ్యి మాత్రం చూసిన. గది నేను పెట్టిన చెయ్యే. ఆపకు, ఇయ్యి. ఆపకు, ఇయ్యి. వేలు మీద కొట్టి కొట్టి పెట్టిన. మల్ల నేనే పోయి మొక్కిన, గా చెయ్యితోనే ఆపి కొట్టాలెనని."

బస్సు బీచుపల్లి వంతెన మీదికి వచ్చింది. కింద కృష్ణ బండల మధ్య సన్నగా పారుతోంది. వంతెన ఇవతలి కొస నుంచి అవతలి కొస దాకా నవనీత ఆ బండలను చూస్తూ కూచుంది. దాటిన తర్వాత అన్నది.

"నాయినా. ఇంకోపారి నా మీద మొక్కకు."

ఆయన కత్తెర ఉన్న జేబు మీద చెయ్యి పెట్టుకుని, గద్వాల వచ్చేదాకా అట్లాగే ఉన్నాడు.

కబురు సందుకు వాళ్లకంటే ముందే చేరింది. మరునాడు పొద్దున నీళ్ల పంపు దగ్గర ఆడవాళ్లు తమ బిందెలు పక్కకు జరిపి నవనీతకు దారి ఇచ్చారు, ఇంట్లో మనిషి పోయినవాళ్లకు ఇచ్చినట్టు. కోత ఎప్పుడని ఎవరూ అడగలేదు. జంగమ్మ కండె మీంచి తల ఎత్తకుండా, చలి ఇంకా పోలేదు, బిడ్డా, సెటరేసుకో అన్నది.

బాలకిష్టయ్య ఆ రోజు మల్లేశ్ ఇంటికి పోలేదు. మల్లేశే వచ్చి గడప బయట కాసేపు నిలబడి, చాయ్ తాగినవా అన్నా అని అడిగి, జవాబు కోసం చూడకుండా వెళ్లిపోయాడు. రామేశ్వరమ్మ రాత్రంతా ఆలోచించిన మాట బయటపెట్టింది. ఆ జానెడు నేసి, కోసి, తప్పయిందని దండం పెట్టుకుని అమ్మవారికి కట్టేస్తే సరిపోతుందని.

"తీరని మొక్కుకు కోత లేదు," అన్నాడు బాలకిష్టయ్య.

"మరేం జేస్తవు? గట్లనే కప్పి పెడతవా, ఎన్నేండ్లయితే అన్నేండ్లు?"

"విప్పుత."

ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. నేసిన చీరను పోగు పోగూ తీసి విప్పడం ఆమె చూడలేదు. విన్నది. బాలకిష్టయ్య చిన్నాయన ఒకాయన పిల్లవాడుగా ఉన్నప్పుడే జ్వరంతో పోయాడు. అప్పుడు ఆ జ్వరానికి మొక్కిన చీరను తాత ఒక్కసారి విప్పాడు. ఆ సంగతి గుర్తొచ్చి రామేశ్వరమ్మ గోడకానుకుని కింద కూచుంది. బిడ్డ కళ్ల ముందు ఉండగా అదేం పని అనబోయి, అనలేక, ఇంకోమాట అడిగింది.

"అమ్మవారికేం జెప్తవు?"

"మొక్కింది నేను. నేనే జెప్పుకుంట."

ఆయన తెల్లగుడ్డ తీసి మడతపెట్టాడు. పసుపుకొమ్మును దీపం గూట్లో పెట్టాడు. గుంటలోకి దిగి కూచున్నాడు. నవనీత బడి సంచి భుజానికి తగిలించుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. సాయంత్రం మామూలుగానే ఆటకు రమ్మని సారు కబురు పంపాడు. వస్తాననీ చెప్పలేదు, రాననీ చెప్పలేదు.

"రా బిడ్డా. అంచు పక్క కూసో."

సంచి దించి వచ్చి, ఎడమ పక్కన తన చోట్లో కూచుంది. రెండున్నర నెలలకు కూడా కింద పరిచిన గోనె ఆమె కూచున్న ఆకారంలోనే ఉంది.

బాలకిష్టయ్య జేబులోంచి కత్తెర తీశాడు. పసుపు ఎండిపోయి అక్కడక్కడ రాలింది. చివర నేసిన పోగు దగ్గర మొదలుపెట్టాడు. కుడి అంచులో నూలు, పట్టు కలిసే చోట నూలు పోగును కత్తిరించి, సూది మొనతో లేపి ఎడమకు తోశాడు. నవనీత దాన్ని తన వైపు పట్టు మెలిక నుంచి విడదీసి లాగాలి. తను వేసిన మెలికే. వేళ్లకు అది ఎటు తిరిగి ఉందో తెలుసు. పోగు బయటికి వచ్చింది. జడ విప్పిన వెంట్రుకలాగా అలలు అలలుగా ఉంది. నేసేటప్పుడు రెప్పపాటులో పడ్డ పోగు, తీసేటప్పుడు అంతసేపు పట్టింది.

పోగు చేతిలోకి రాగానే ఆమె మణికట్టు తిరిగింది. దాన్ని తండ్రి వైపుకు చాచింది.

ఆయన అందుకోలేదు. పోగు ఇద్దరి మధ్యా చీర మీద పడింది. ఆమె చెయ్యి గాలిలోనే ఉంది. ఆయన రెండో పోగు కత్తిరించి తోశాడు. అది కూడా వచ్చింది. మళ్లీ చెయ్యి తిరిగింది, ఈసారి సగం దాకా.

"తిరిగియ్యకు," అన్నాడు బాలకిష్టయ్య. "నీ తాననే ఉంచుకో, బిడ్డా."

మూడో పోగు వచ్చింది. నవనీత గుప్పిట మూసింది. లోపల దారం మెత్తగా, ఏమీ లేనట్టే ఉంది. ఉంచుకోవడం ఎట్లాగో ఆ వేళ్లకు తెలియదు. అయినా మూసే ఉంచింది. రామేశ్వరమ్మ గోడ దగ్గర నుంచి కదల్లేదు. బయట సందు పొడవునా మిగతా మగ్గాలు ఆడుతున్నాయి.

ఆయన తల వంచి నాలుగో పోగు వెతుక్కున్నాడు. ఇంకా చీరంతా ఉంది.